సామర్లకోట ఫోల్డరు

మా కాకినాడ ఆఫీసు సర్వర్లో ఒక ఫోల్డరు తనంతట తానే ప్రత్యక్షమయ్యేది. అది మాది కాదు, సామర్లకోట గోడౌనులో ఉన్న సర్వరుది. ఒక మిషను డిస్కును ఇంకో మిషన్లో ఫోల్డరులా కనిపించేట్టు తగిలించడాన్ని మౌంట్ చెయ్యడం అంటాం. నేను తీసేసేవాణ్ణి. గంట తిరిగేసరికి మళ్ళీ తగులుకునేది. సామర్లకోటలో కరెంటు పోయిందంటే, అటునుంచి జవాబు కోసం ఎదురుచూస్తూ మా సర్వరు కూడా బిగుసుకుపోయేది. బిల్లులు రాక లారీలు గేటు దగ్గర బారులు తీరేవి. డ్రైవర్ల తిట్లన్నీ నాకే.

సర్వరు పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. ఒకడిని నేను, రెండో ఆయన నా పక్క సీట్లో పెద్దాయన. నాకన్నా పాతికేళ్ళు పెద్ద, సామర్లకోట నుంచే బదిలీ మీద వచ్చారు. అక్కడి పాత స్నేహితులు అడిగితే ఈయనే తగిలిస్తున్నారని తేల్చేసుకున్నాను. అందుకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తరవాత.

మా వైపు మర్యాద ఎంతటిదంటే, నింద వేసేటప్పుడు కూడా అండీకి లోటు రానివ్వం.

"ఏమీ అనుకోకండి, ఆ ఫోల్డరు మీరేమైనా పెడుతున్నారాండీ?" అన్నాను.

"నేను ముట్టుకోలేదండి. ఒకసారి మీరే సరిగ్గా చూడండి," అన్నారాయన.

నేను చూడలేదు. నేరుగా మేనేజరు గారి దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆ మధ్యాహ్నమే పాస్‌వర్డు మార్పించి, కొత్తది నాకొక్కడికే ఉంచారు. పెద్దాయనను ప్రింటరు దగ్గర కూర్చోబెట్టారు. పదిహేనేళ్ళు సర్వర్లు చూసిన మనిషి ఆఫీసంతా చూస్తుండగా ప్రింటర్లో కాగితాలు సర్దారు.

మర్నాడు పొద్దున్న, ఇంకా ఎవరూ రాకముందే, ఫోల్డరు మళ్ళీ వచ్చింది.

అప్పుడు వెతికాను. ఎవరైనా ఆ ఫోల్డరులోకి తొంగిచూస్తే చాలు, వెంటనే తగిలించమని సర్వరుకు చెప్పే లైను ఒకటి సెట్టింగుల ఫైల్లో ఉంది. రెండేళ్ళ కిందట పాత ఫైళ్ళు తెచ్చుకోవడానికి నేనే రాసి మరిచిపోయాను. ఇక తొంగిచూస్తున్నదెవరంటే, డిస్కులో ఖాళీ ఎంతుందో గంటగంటకూ చూసే నా ప్రోగ్రామే. ఆ లైను కొట్టేశాను. ఫోల్డరు మళ్ళీ రాలేదు.

"చూశారా, పాస్‌వర్డు మార్చేసరికి ఎలా ఆగిందో!" అని మేనేజరు గారు నా భుజం తట్టారు. నిజం గొంతు దాకా వచ్చింది, మింగేశాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దాయన ఆ ఏడాదే రిటైరయ్యారు. పోయిన నెల రావులపాలెంలో వాళ్ళింటికి వెళ్ళి, జరిగిందంతా చెప్పి క్షమించమని అడిగాను. ఆయన కాఫీ గ్లాసు నా చేతికిచ్చారు.

"నేను చెయ్యలేదని నాకు అప్పుడే తెలుసు కదండీ. నాకు చెప్పడానికి ఇంత దూరం రావడం ఎందుకండీ? ఆఫీసులో చెప్పండి."

చెబుతానని మాటిచ్చాను. మేనేజరు గారి గది నా కుర్చీకి పది అడుగులు ఉంటుంది. రోజూ లోపలికి వెళ్తున్నాను, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వచ్చేస్తున్నాను.