రేపు మాపు నాలుగింటికి

కరీంనగర్ నుంచి సిరిసిల్ల పోయే బస్సు ఊరు దాటుతుండగా, ఒకప్పుడు ఒకే వాడలో పెరిగి ఇప్పుడు వేరే కాలేజీలో చదువుతున్న మమతారాణి వచ్చి సృజన పక్కన కూర్చుంది. సృజన వెంటనే ఒళ్లోని నోట్‌బుక్ మూసి, దాని మీద మోచెయ్యి ఆనించింది. పొద్దున్నే ఇంట్లో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టడం, తర్వాత డిగ్రీ క్లాసులు, సాయంత్రం కంప్యూటర్ కోర్సు, అన్నీ అందులోనే రాసుకుంటుంది. ఫోన్‌ను నమ్మదు. పోయినసారి అది మోగకనే ల్యాబ్ పరీక్ష తప్పింది. ఈ రెండో అవకాశమూ తప్పితే ఏడాది పోయినట్టే. కాగితం నోరు విప్పదు కాబట్టి అబద్ధమాడదని నమ్మేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు; సృజన వాళ్లలో ఒకతె.

“గీ రాతలేందే? ఫోన్‌కు చెప్తే అదే యాది చేస్తది,” అంది మమత, తన ఫోన్ ముందుకు చాపి.

“నేను చెప్పింది అది ఇంకెవలకు చెప్తదో.”

“నీ ముచ్చట్లు వినేతందుకు ఎవలు ఖాళీగ లేరు. చెప్పు.”

సృజన నోట్‌బుక్ బెత్తెడు తెరిచి చదివింది. “రేపు మాపు నాలుగింటికి ల్యాబ్ పరీక్ష.”

ఫోన్ ‘మాపు’ ఒక్కటే పట్టుకుని, దారులు చూపించే మ్యాప్ తెరిచింది.

“మాపంటే పొద్దుగూకెటప్పుడని గూడ దీనికి ఎర్కలే. గిదా నాకు యాది చేసేది?”

“జర ఆగు, నేనే కొడత. రేపంటే ఏ తారీఖే?”

సృజన వేలు పేజీ మీద పైకీ కిందికీ జరిగింది. తారీఖు లేదు. ఆ వాక్యం కింద ఈ పొద్దుటి పనులున్నాయి. అది నిన్న రాసిన రేపు.

మమత ఫోన్‌లో రెండున్నర అయింది. కొత్తపల్లిలో బస్సు ఆగగానే సృజన సంచి అందుకుని దిగి, పోయొస్తనని కూడా అనకుండా, రోడ్డు దాటి కరీంనగర్ పోయే బస్సులు ఆగేచోటికి గబగబా నడిచింది.