బండి ఆగిన ఆఫీసు

తాళం తిప్పే ముందు మహిపాల్ స్టీరింగును తాకి కళ్లకద్దుకుంటాడు. కామారెడ్డిలోని ఒక అంతర్జాతీయ సంస్థ ఆఫీసులో పదకొండేళ్లుగా అతను డ్రైవరు. హారన్ కొట్టడు. బర్రెలు అడ్డొస్తే అవి దాటేదాకా ఆగుతాడు. సోమవారం జెనీవాలోని హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రపంచమంతటా తమ ఆఫీసులు బండ్ల పొగ తగ్గించాలి, ఉద్యోగులు ఊళ్లకు బస్సులోనే వెళ్లాలి.

"రేపు ఎల్లారెడ్డికి బస్సుల పోతున్న, మహిపాలన్నా," అంది ఆఫీసరు అరుణజ్యోతి మేడమ్.

"మరి నేనేం జేయాలె మేడమ్? బండి కడుక్కుంట కూసోవాల్నా?"

"కడుగుడు గూడ వద్దంట. నీళ్లు ఖరాబైతయంట."

"నా నౌకరి?"

"దాని గురించి ఏం రాయలే."

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి ఎల్లారెడ్డి బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీలోంచి దస్తీ వేసి ఆపిన సీటు పక్కన మహిపాల్ నిలబడి ఉన్నాడు.

"కూసోండ్రి మేడమ్. ఈ పక్క ఎండ పడది," అన్నాడు.