ఉస్తాద్ కిందికి దించిన డిష్

మా ఉస్తాద్ పోయారు. మొన్న తెల్లారేసరికి శంషాబాద్‌లో ఇంట్లోనే గుండె ఆగిపోయిందని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచి అందరూ బంగారంలాంటి మనిషని తెగ పొగుడుతున్నారు. వింటుంటే ఒళ్లు మండుతోంది. బతికుండగా ఆయన్ని తిట్టని నోరు వీటిలో ఒక్కటైనా ఉందా?

నాకు పని నేర్పింది ఆయనే. ఇక్కడ మేడ మీద ఒక డిష్, దూరాన ఊళ్లో ఇంకో మేడ మీద ఒక డిష్, రెండింటి మధ్య తీగ లేకుండా ఇంటర్నెట్ నడిపించడం మా పని. ఆయన బంగారమేమీ కాదు, నోరు తెరిస్తే తిట్టే. స్పానర్ అందించడం కాస్త ఆలస్యమైతే "పండుకున్నవా బే?" అనేవారు. చాయ్ మాత్రం నాకిచ్చాకే తాగేవారు.

సాయంత్రమైతే లింకులు పడిపోయేవి. ఏ మేడ చూసినా డిష్‌లే, ఏ ఇల్లు చూసినా వైఫై డబ్బాలే. ఒకరి సిగ్నల్ మీద ఇంకొకరిది పడి ఒకటే గోల. మిగతావాళ్లు డిష్‌ను ఇంకా పైకెత్తి, పవర్ పెంచి ఆ గోల పెంచేవాళ్లు. ఉస్తాద్ డిష్‌ను కిందికి దించి నీళ్ల ట్యాంకు చాటున బిగించేవారు. పక్క వీధుల గోలను ట్యాంకు ఆపేది, ఎదుటి ఊరు మాత్రం నేరుగా కనబడేది. వేగం కొంచెం తగ్గినా లింకు తెగేది కాదు.

"నువ్వు మొత్తుకునుడు గాదురా, అవతలోడు చెప్పేది నీకు వినవడాలె" అనేవారు.

వేగం తగ్గిందని మా ఇంటర్నెట్ కంపెనీ ఓనర్‌కి మంట. ఒక ఛానెల్, అంటే సిగ్నల్ నడిచే దారి, ఎప్పుడూ ఖాళీగా కనిపించేది. అది ఎయిర్‌పోర్టు చుట్టూ వానమబ్బులను కనిపెట్టే రాడార్‌ది. రాడార్ తగిలితే మా డిష్‌లు వాటంతటవే ఆ ఛానెల్ వదిలేస్తాయి. సెట్టింగులో ఆ నియమం లేని వేరే దేశం పేరు పెడితే వదలవు. ఆ దొంగపని చేయమని ఓనర్ అందరి ముందు పట్టుబట్టాడు.

"ఖాళీగున్నది గదా, ఏంది నీ పరేషాన్?"

"ఖాళీ లేదు సార్. పైలట్లకు మబ్బు జాడ గా ఛానెల్‌కెల్లే చెప్తరు. నేను చెయ్య."

ఆ రోజే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. పనిరాని ముసలోడని షాద్‌నగర్ దాకా చాటింపు వేశాడు. కస్టమర్లూ నమ్మారు, ట్యాంకు చాటు డిష్‌ను చూసి పగలబడి నవ్వారు. నేను ఉస్తాద్ వెంటే వచ్చేశాను. అత్తాపూర్, జల్‌పల్లి తిరిగి ఇళ్లకు కెమెరాలు బిగిస్తూ బతికాం. ఆ నింద మాత్రం ఆయన్ని లోపల తినేసింది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, "నాకు పని రాదారా?" అని అడిగేవారు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపూ కోపమూ కలిసే వస్తాయి.

మొన్న శవం వాకిట్లో ఉండగానే ఆ ఓనర్ గులాబీ దండ పట్టుకుని వచ్చాడు. కళ్లు ఒత్తుకుని, నా భుజం మీద చెయ్యేశాడు.

"పెద్దాయన జాగల ఇగ నువ్వే తమ్మీ. ఎల్లుండికెల్లి పనికి రా. ముందుగాల గా ఖాళీ ఛానెల్ పెట్టు, కస్టమర్లు సతాయిస్తున్నరు."

ఉస్తాద్ లేకుండా నాకు కెమెరాల పనీ దొరకదు. ఇంటి కిరాయి, పిల్లల చదువు అన్నీ నా మీదే. అది తెలిసే అడిగాడు.

"నేను రాను సార్," అన్నాను, ఉస్తాద్ భార్యకు వినబడేలా. "గా ఛానెల్ పెట్టనన్నందుకే ఈయన్ను తీసేసిన్రు, పని రాక గాదు. గా మాట మీ నోటితోని అమ్మకు చెప్పుండ్రి. అటెన్క దండ ఎయ్యుండ్రి."

ఉస్తాద్ భార్య తలెత్తి ఓనర్ వైపే చూసింది. శవాన్ని లేపేదాకా అతను ఆ దండ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. గులాబీ రేకులు ఒక్కొక్కటీ అతని కాళ్ల మీద రాలుతున్నాయి.