ఖాళీని దాచిన రోజు

ఆ రోజుల్లో నా ఒళ్లు మండించిన మాట ఒక్కటే: "ఖాళీ." గోపాలపట్నంలో టైర్ల కొట్టు పైన మా ఆఫీసు. ఫిషింగ్ హార్బర్‌లో కొందరు బోటు యజమానుల కోసం అక్కడ, వేటకెళ్లిన బోట్ల జాడ చెప్పే కన్సోల్ ఒకటి తయారుచేశాం. తెర మీద ఒక ఆదేశం టైపు చేస్తే కింద వెంటనే జవాబు కనిపిస్తుంది. దాన్ని వాడేది హార్బర్ వైర్‌లెస్ గదిలో కూర్చునే ఒక అక్క. ఆవిడ భర్త ఆ బోట్లలోనే వేటకు వెళ్తాడు.

చిక్కల్లా ఏమిటంటే, జవాబు అక్కర్లేని ఆదేశాలకు కూడా మా కన్సోల్ "ఖాళీ" అని చూపించేది. బోటు పేరు సరిదిద్దినా ఖాళీ, అలారం పెట్టినా ఖాళీ.

"ఏటి బాబూ, నాను ఏటి సేసినా కాళీ అంతాది? పని అయినట్టా, అవనట్టా?" అంటూ ఆవిడ ఫోన్లో రోజూ నా ప్రాణం తీసేది.

ఏ ఖాళీని దాచాలన్న దాని మీద ఆఫీసులో వారం రోజులు వాదించుకున్నాం. పేరు మార్చినప్పుడు వచ్చేదాన్ని దాచడం సరే. మరి ఒక్క పేరూ లేని జాబితా వస్తే? సున్నా వస్తే? ఒక్కోదానికి ఒక్కో మీటింగు. విసిగిపోయాను. పక్క సీటు మిత్రుడు "అన్నీ దాచేయ్ బావా, ఒక్క లైను కోడ్‌తో పోద్ది" అన్నాడు. దాచేశాను. ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా టీ తాగానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు రోజులకు గాలి తిరిగింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. పొద్దున్న పదింటికి అక్క ఫోన్ చేసింది.

"సిగ్నల్ అందని బోట్లు ఏవో సెప్పమన్నాను. ఏటీ సెప్పనేదు. నాలుగుసార్లు కొట్టాను. మా ఆయన బోటు భీమిలి అవతల ఉంది."

"ఏమీ రాలేదంటే అన్నీ బాగున్నట్టే అక్కా. మంచిదేగా" అన్నాను, కాస్త విసుగ్గానే.

ఆవిడ అంది: "వొయిర్లెస్‌లో మేం పిలిస్తే, వల్లో ఒక్క సేప పడకపోయినా 'ఏటీ పడనేదు' అని సెప్పాల. పలకనోడి కోసం పక్క బోటోళ్లు ఎతకడానికి ఎల్తారు. నీ పెట్టె పని సేత్తన్నాదో, సచ్చిందో నాకెలా తెలుస్తాది?"

నాకూ తెలియదు. "అన్నీ బాగున్నట్టే" అని నేను ఊహించి చెప్పాను, అంతే. బైకు తీశాను. కంచరపాలెం దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, మిత్రుడి మీద మొదలుపెట్టిన తిట్లు నా మీదకే తెచ్చుకున్నాను.

నేను చేరేసరికి ఆవిడ మైకు కింద పెడుతోంది. గొంతు బొంగురుపోయింది. ఎదుట కాగితం మీద పందొమ్మిది బోట్ల పేర్లు, అన్నిటికీ పెన్సిల్ టిక్కులు. భర్త బోటు పన్నెండోది. వరస తప్పకుండా, దాని వంతు వచ్చాకే పిలిచిందట. ఆయన పలికాడు. అందరూ పలికారు. అంటే కన్సోల్‌కు వచ్చిన 'ఏవీ లేవు' అన్న జవాబు సరైనదే. నేనే దాన్ని తెర మీదకు రాకుండా నొక్కేశాను. అది తెలిశాక నా మీద నాకు ఇంకా మండింది.

"అడిగినదానికి 'ఏవీ లేవు' అని వస్తే ఇకమీదట చూపిస్తాను. ఏమీ అడగకుండా పని మాత్రమే చెప్పినప్పుడు వచ్చే ఖాళీనే దాస్తాను. ఇప్పుడే మార్చేస్తా అక్కా" అన్నాను.

ఆవిడ లేచి కుర్చీ నా వైపు జరిపింది. "మార్సేముందు నువ్వోసారి అడిగి సూడు."

కూర్చుని అదే ప్రశ్న టైపు చేసి ఎంటర్ నొక్కాను. కింద ఏమీ రాలేదు. కర్సర్ ఒక్కటే మిణుకుమంటోంది. ఆ లైను రాసింది నేనే, దాని అర్థం నాకు తెలుసు, పందొమ్మిది టిక్కులూ నా కళ్లెదుటే ఉన్నాయి. అయినా తలెత్తి కిటికీలోంచి సముద్రం వైపు చూశాను.