చేపకి పెట్టిన బొట్టు

గిలకలదిండి రేవులో పొద్దున్నే చేపలు కొని, బందరు వీధుల్లో గంపనెత్తుకుని అమ్ముకునే ఆవిడకి రెండు పేర్లు. పుట్టింట్లో నాంచారమ్మ. కలంకారీ అచ్చులు చెక్కే దస్తగిరిని చేసుకున్నాక మరియం. ఏ పేరుతో పిలిచినా కాస్త ఆలస్యంగానే పలుకుతుంది. గంప దించగానే కొంగుతో నుదురు తుడుచుకుంటుంది. అక్కడ చెమట తప్ప మరేమీ లేక పద్దెనిమిదేళ్ళయింది.

ఆవిడ పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పడవ తొలి వేట నుంచి రాగానే, పడ్డవాటిలో పెద్ద చేపకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆడపడుచు చేతిలో పెడతారు. మొన్న తమ్ముడు ఏడుకొండలు కొన్న కొత్త పడవ తొలి వేట నుంచి వచ్చింది. ఆవిడ గంప పక్కన పెట్టి, చేతులు కడుక్కుని ఎదురెళ్ళింది. "కావాలంటే పాటలో పాడుకో. నలుగురిలో నా పరువు తియ్యకు" అని తమ్ముడు పెద్ద పండుగప్పని వేలంపాటకి పెట్టించాడు. ఎంత పెంచినా వదలకుండా ఆవిడే పాడుకుంది. దారిలో పసుపు, కుంకుమ పొట్లాలు కొని, మునిసిపల్ పంపు పక్కన కూర్చుని చేపకి తనే పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఆ వేలిని రెండుసార్లు కడుక్కుని ఇంటికెళ్ళింది. "మా తమ్ముడు పంపాడు అత్తమ్మా" అంది.

అత్తగారు ఖాసింబీ ముఖం విప్పారింది. "ఇన్నాళ్ళకి మీవాళ్ళకి గుర్తొచ్చావన్నమాట! మంచి చేపే" అంటూ కత్తిపీట ముందేసుకుని, పొలుసు తీయకముందే, ఆ బొట్టుని రుద్ది రుద్ది కడిగేసింది.