జారుడుబల్ల చేసినవాడు

నేను ఎన్నో ఊళ్లు తిరిగాను కానీ ఈ వెల్డింగ్ మేస్త్రీలాంటివాణ్ణి చూడలేదు. నేను పాఠాలు చెప్పే బడిలో జారుడుబల్ల అతని చేతిపనే. ఏటా బడి తెరిచే పొద్దున, రేకు ఎక్కడైనా లేచిందేమోనని పలచటి పైజమా వేసుకుని పదిసార్లు తనే జారి చూసేవాడు.

"తాతా, పొట్ట ఇరుక్కుంటుంది!" అని పిల్లలు ఏడిపించేవారు.

ఈ ఏడు పక్క బడిలో జారుడుబల్ల మీంచి పడి ఒక పిల్ల చెయ్యి విరిగింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. మా హెడ్మిస్ట్రెస్ మేస్త్రీని పిలిపించింది.

"ఆ జారుడుబల్ల కోసెయ్ మేస్త్రీ. రేపు ఎవరికేమైనా అయితే నేను బోనెక్కాలి."

"ముప్పై ఏళ్లలో ఒక్కరికైనా గీరుకుపోయిందా అమ్మా?"

"లేదు. ఆ మాటకి నీ పైజమాని కోర్టుకి సాక్ష్యంగా తీసుకెళ్లమంటావా?"

ఇద్దరికీ నవ్వు రాలేదు.

అతను కోశాడు. నేలలో మిగిలిన ఇనప కాళ్ల మొదళ్లు పిల్లలకు గుచ్చుకోకుండా సాయంత్రందాకా ఆకురాయితో అరగదీశాడు.

మర్నాడు ఆటల గంటలో పిల్లలంతా గోడవార వరసగా కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.