గట్టిమేళం ఎవరికి?

మా బావ మునిరామయ్యకు నిలకడ లేదు. పుత్తూరు బజారులో మాది మంగలి అంగడి. ఎదురుగా టీ అంగడి, అందులో రేడియో. ఆ రేడియోలో ఎవరైనా నాదస్వరం ఎత్తుకున్నారంటే చాలు, సగం గడ్డం గీసిన మనిషిని నురగతోనే వదిలేసి రోడ్డు దాటేవాడు. మిగతా సగం గీసి తిట్లు తినేది నేను. పెండ్లిళ్ళకూ తిరునాళ్ళకూ ఆయనది నాదస్వరం, నాది డోలు. మా అక్క మొగుడని ఓర్చుకున్నాను గానీ, లేకపోతే ఏనాడో ఆ డోలు ఆయన నెత్తినేసి పోయేవాణ్ణి.

ఆయన్ను తినేసే సందేహం ఒక్కటే. రాగంలో ఏడుపూ సంతోషం ముందే ఉంటాయా, వాయించేవాడు పెడతాడా, వినేవాడు తెచ్చుకుంటాడా? ముఖారి రాగం అంటే ఏడుపు అని అందరూ అంటారు. ఆయన దాన్నే ఒకసారి నిదానంగా, ఒకసారి పరుగుగా వాయించి వంటింటి గడప దగ్గర నిలబడేవాడు.

"అలివేలూ, ఇప్పుడేమనిపించె?"

"ఎసరు పొంగినట్టనిపించె. జరుగు, గంజి మీద పడతాది" అనేది మా అక్క.

నగరిలో ఎవరిదో మంచి మేళం వచ్చిందని తెలిస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. విని వచ్చాక కుదుటపడతాడా అంటే అదీ లేదు, ఇంకా ఎక్కువ తిరిగేవాడు.

అన్నిటికంటే ఆయన్ను పీడించింది భారతం. మా వైపు ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర వానల కోసం భారతం ఆడిస్తారు. కడపటి రోజు పొద్దున బయలులో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు. తొడలో కుంకుమనీళ్ళ కుండ దాస్తారు. భీముడి వేషగాడు గదతో ఆ కుండ పగలగొట్టగానే దుర్యోధనుడి వేషగాడు ఆ బొమ్మ రొమ్ము మీద వాలిపోతాడు. అప్పుడు మేము గట్టిమేళం వాయించాలి, తాళి కట్టేటప్పుడు వాయించేదే. అది మోగితేనే వేషగాడు లేవాలి. ముందే లేస్తే వేషం ఒంటిని వదలదని నమ్మకం.

"తొడ ఇరిగి పడినోడి తలకాడ పెండ్లిమేళమేందబ్బా?" అని ప్రతి ఏడూ నన్ను పీక్కుతినేవాడు. "ఎవురికి వాయిస్తా ఉండాము? కొట్టినోడికా, పడినోడికా?"

"కూలికి వాయిస్తా ఉండాము బావా" అనేవాణ్ణి.

మేము మేళం వాయించే పక్క ఊరి గుడిలో ఇరవై ఏళ్ళు దుర్యోధనుడి వేషం కట్టింది ఓబయ్య. ఎనభై రెండులో, సంకురాత్రి దాటాక జ్వరం వచ్చి పోయాడు. ఆ ఎండాకాలం అతని మేనల్లుడు వేషం కట్టాడు. ఓబయ్య పెండ్లాం కుప్పమ్మ చూస్తుండగా గట్టిమేళం ఎట్లా వాయించేదని బావకు కడపటి రోజుకు ముందు వారమంతా అన్నం సయించలేదు. కనబడిన వాడినల్లా అడిగాడు. అది గుడి ధర్మకర్త దామోదరం చెవిన పడింది.

"మునిరామయ్యా, గట్టిమేళం తప్పితే వాన తప్పుతాది. వచ్చే ఏడు మేళం ఇంకొకరికిస్తాను, సూసుకో" అన్నాడు.

తాతల నాటి నుంచి ఆ గుడి మేళం మాది. బావ నాదస్వరం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజు కుప్పమ్మ ఎప్పటిలాగే మజ్జిగ చెంబుతో వచ్చి మట్టిబొమ్మ తల దగ్గర నిలబడింది. గద పడింది, కుండ పగిలింది, ఆడవాళ్ళు ప్రసాదంగా ఇంటికి తీసుకుపోయే ఎర్రమట్టి కోసం ఎగబడ్డారు. మేనల్లుడు బొమ్మ మీద వాలాడు. నేను డోలు పుల్ల ఎత్తాను. బావ ముఖారి ఎత్తుకున్నాడు.

నా పుల్ల గాల్లోనే ఆగిపోయింది. ఆయన అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ముసలివాళ్ళు కండ్లు తుడుచుకున్నారు. దామోదరం దూరం నుంచి చేతులూపుతూ అరుస్తున్నాడు. కాలే మట్టి మీద మేనల్లుడు కదలకుండా, ఒక కన్ను తెరిచి మా వైపే చూస్తున్నాడు.

కుప్పమ్మ మా దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందనుకున్నాను. ఆమె నాదస్వరం మీద చెయ్యేసి ఆపేసింది.

"ఏందన్నా ఇది? గట్టిమేళం యాడ?"

"ఓబయ్యకని వాయించినానమ్మా."

"ఆయప్పకా? ఏటేటా ఈడ పడేటోడు. పడినప్పుడల్లా నా పానం పోయేది. నీ గట్టిమేళం ఇన్నాకనే లేసి, మన్ను దులుపుకొని, 'మే, మజ్జిగ తే' అనేటోడు. నాకది ఆయప్పను లేపే మేళమన్నా. కొట్టండి. ఆ బిడ్డ ఎండిపోతా ఉండాడు."

ఊరందరినీ అడిగిన బావ ఈమెను మాత్రం ఏనాడూ అడగలేదు.

వాయించాం. నా వేళ్ళు వాచేదాకా కొట్టాను. మేనల్లుడు లేచి మన్ను దులుపుకున్నాడు. కుప్పమ్మ చెంబు అతనికిచ్చింది గానీ చూపు మాత్రం బొమ్మ మీదే ఉంచింది. మేళం ఆగాక కూడా కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఖాళీ చెంబు తీసుకొని పోయింది.

దామోదరం అన్నంత పనీ చేశాడు. మరుసటి ఏడు ఆ మేళం నారాయణవనం వాళ్ళకు పోయింది. నేను నెల రోజులు బావతో మాట్లాడలేదు. అయినా ఆ ఏడు ఆట కడపటి రోజు పొద్దున్నే ఆయన కత్తి నా చేతిలో పెట్టి, ఎదుట కూర్చున్న మనిషిని సగం గడ్డంతో వదిలేసి భారతానికి పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఎట్ట వాయించినారు వాళ్ళు?" అన్నాను, ఉండబట్టలేక.

"నేను మేళం ఇన్లేదబ్బా. కుప్పమ్మ బొమ్మ తలకాడ చెంబు పట్టుకొని, ఇంకా ఎవురో లేస్తారన్నట్టు నిలబడుంటే ఆమెనే సూస్తా ఉండిపోయినాను. మేళం ఆగినాక అడిగినాను, ఏమనిపించె అమ్మా అని."

"ఏమనింది?"

"ఇంకొంచేపు కొట్టాల్సింది అనింది."